ఇంట్లో ఎల్ఈడీ దీపాలు: ముందు ఏది మార్చాలి, ఏ గదికి ఏది ఎంచుకోవాలి

ఎల్ఈడీ దీపాలు కరెంటును ఆదా చేస్తాయన్న మాట ఇప్పుడు ఎవరికీ కొత్త కాదు. 2014లో ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్ఎల్ టోకున కొన్నప్పుడు ఒక్కో బల్బుకు 310 రూపాయలు పడిన ధర, 2015 జనవరిలో ఎల్ఈడీ బల్బులను తక్కువ ధరకు అందించిన ఉజాలా పథకం మొదలయ్యాక రెండేళ్ళు తిరగకుండానే 38 రూపాయలకు దిగివచ్చింది. ఆ తరువాత సందు చివరి కిరాణా కొట్టులో కూడా ఈ బల్బులు దొరకడం మొదలైంది. అయితే దీపాలు మార్చినా బిల్లులో తేడా కనిపించలేదని చెప్పేవారు ఇప్పటికీ ఉన్నారు. వారి ఇంటికి వెళ్ళి చూస్తే, రోజుకు పావుగంట వెలిగే స్టోర్‌రూమ్ బల్బును మార్చి, రాత్రంతా వెలిగే గేటు బల్బును అలాగే వదిలేసి ఉంటారు. లేదా హాల్లో రెండు ట్యూబ్‌లైట్లు తీసి, వాటి స్థానంలో సీలింగు నిండా డజను ప్యానెల్ లైట్లు బిగించుకొని ఉంటారు. ఎల్ఈడీ వల్ల కలిగే లాభం మన చేతికి రావాలంటే ఏ దీపాన్ని ముందు మార్చాలో, ఎంత వెలుగు కావాలో, ఎక్కడ బిగించాలో తెలుసుకొని కొనాలి.

ఎక్కువసేపు వెలిగే దీపంతో మొదలుపెట్టండి

ఒక కాగితం మీద ఇంట్లోని దీపాలన్నీ రాసుకొని, ప్రతి దాని పక్కన అది ఎన్ని వాట్లదో, రోజుకు ఎన్ని గంటలు వెలుగుతుందో వేసుకోండి. వాట్లను గంటలతో గుణించి, మళ్ళీ 30తో గుణించి, 1000తో భాగిస్తే నెలకు ఎన్ని యూనిట్లో వస్తుంది. పాత ట్యూబ్‌లైటు విషయంలో ఒక చిక్కు ఉంది. ట్యూబు మీద 36 వాట్లని ఉన్నా, రాగి చోక్ తినే కరెంటును కలుపుకుంటే మొత్తం 50 వాట్ల దాకా పోతుంది కనుక లెక్కలో 50 అనే వేసుకోవాలి.

సాయంత్రం ఆరుకు వేస్తే ఉదయం ఆరుకు ఆర్పే గేటు దగ్గరి 60 వాట్ల ఫిలమెంటు బల్బును తీసుకుందాం. దాని బదులు 9 వాట్ల ఎల్ఈడీ పెడితే గంటకు 51 వాట్ల చొప్పున పన్నెండు గంటలకు, నెల మొత్తం మీద 18 యూనిట్లకు పైగా మిగులుతాయి. అదే బల్బు స్నానాలగదిలో రోజుకు ముప్పావు గంట వెలిగితే, మార్చడం వల్ల మిగిలేది నెలకు ఒక యూనిట్ చిల్లర మాత్రమే. హాల్లో రోజుకు ఆరు గంటలు వెలిగే పాత ట్యూబ్‌లైటు బదులు 20 వాట్ల ఎల్ఈడీ పట్టీ (కొట్లలో బ్యాటెన్ అంటారు) పెడితే నెలకు 5.4 యూనిట్లు తగ్గుతాయి. కాబట్టి గేటు, మేడ మెట్లు, వరండా, హాలు, వంటగది అన్న వరుసలో మార్చుకుంటూ వెళ్ళి, స్టోర్‌రూమ్‌ను, స్నానాలగదిని పాత బల్బు కాలిపోయిన రోజుకు వదిలేసినా నష్టం లేదు.

ఆ యూనిట్లు ఎంత డబ్బు అవుతాయన్నది మీ శ్లాబును బట్టి ఉంటుంది. దీన్ని చాలామంది సరాసరి ధరతో లెక్కవేసి తక్కువగా చూస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 టారిఫ్ ఉత్తర్వు ప్రకారం గృహ వినియోగంలో మొదటి 30 యూనిట్లకు యూనిట్ ధర 1.90 రూపాయలైతే, 126 నుంచి 225 దాకా 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75 రూపాయలు. మనం తగ్గించే యూనిట్లు ఎప్పుడూ పై శ్లాబులోంచే పోతాయి. నెలకు 260 యూనిట్లు వాడే ఇంట్లో గేటు బల్బును, రెండు ట్యూబ్‌లైట్లను మార్చి 29 యూనిట్లు తగ్గిస్తే, ఆ 29కీ 8.75 చొప్పున నెలకు 250 రూపాయలకు పైగా మిగులుతుంది. మూడు దీపాలకు పెట్టిన ఖర్చు మూడు నాలుగు నెలల్లో తిరిగి వస్తుంది. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు వాడే అర్హులకు సున్నా బిల్లు వస్తుంది కానీ, ఆ హద్దు దాటిన నెలలో మొత్తం వినియోగానికీ డబ్బు కట్టవలసి వస్తుంది. నెలకు 210, 215 దగ్గర ఊగిసలాడే కుటుంబానికి గేటు బల్బు ఒక్కటి మార్చినా తేడా వందల్లో ఉంటుంది.

వాట్లు కాదు, ల్యూమెన్లు చూడండి

కొట్లో "తొమ్మిది వాట్లది ఇవ్వండి" అని అడగడం మనకు అలవాటు. వాట్లు అనేవి దీపం ఎంత కరెంటు తింటుందో చెబుతాయి. ఎంత వెలుగు ఇస్తుందో చెప్పేవి ల్యూమెన్లు. ఫిలమెంటు బల్బులన్నీ ఇంచుమించు ఒకే తీరుగా వెలిగేవి కనుక వాట్లతోనే వెలుగును కొలిచే పద్ధతి నిలిచిపోయింది. ఎల్ఈడీలలో అది పనికిరాదు, ఎందుకంటే ఒకే 9 వాట్లకు ఒక కంపెనీ బల్బు 900 ల్యూమెన్లు ఇస్తే, పేరూ ఊరూ లేని బల్బు అందులో మూడింట రెండు వంతులు కూడా ఇవ్వకపోవచ్చు. పాత 60 వాట్ల ఫిలమెంటు బల్బు వెలుగు సుమారు 700 ల్యూమెన్లు, 100 వాట్ల బల్బుది 1300 పైచిలుకు అని గుర్తుపెట్టుకొని, ఆ అంకెలను పెట్టె మీది అంకెతో పోల్చి చూసుకుంటే చాలు. ట్యూబ్‌లైటు విషయానికి వస్తే, కొత్త 36 వాట్ల ట్యూబు 2450 ల్యూమెన్ల దాకా ఇస్తుంది గాని అందులో చెప్పుకోదగ్గ భాగం వెనుక గోడకూ పైకప్పుకూ పోతుంది. ఎల్ఈడీ పట్టీ వెలుగును ముందు వైపుకే పంపుతుంది కాబట్టి 2000 ల్యూమెన్ల పట్టీ పాత ట్యూబుకు ఏ మాత్రం తీసిపోయినట్టు అనిపించదు.

పెట్టె మీద ఇంకో రెండు గుర్తులు వెతకండి. ఒకటి భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు. దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు, పక్కన ఐఎస్ 16102 అన్న ప్రమాణం సంఖ్య ఉంటాయి. ఆ సంస్థ మొబైల్ యాప్ బీఐఎస్ కేర్‌లో ఆ నంబరు కొడితే అది ఏ కంపెనీకి ఇచ్చినదో కనిపిస్తుంది. రెండోది ఇంధన సామర్థ్య బ్యూరో వారి నక్షత్రాల లేబుల్. ఎక్కువ నక్షత్రాలున్న బల్బు ప్రతి వాటుకు ఎక్కువ ల్యూమెన్లు ఇస్తుంది. జాతరల్లో, తోపుడుబండ్ల మీద గుట్టగా పోసి అమ్మే బల్బులకు ఈ రెండూ ఉండవు, వారంటీ అంతకంటే ఉండదు.

మరో చిన్న పరీక్ష ఉంది. సెల్‌ఫోన్ కెమెరాను స్లో మోషన్‌లో పెట్టి వెలుగుతున్న దీపం వైపు చూడండి. తెర మీద నల్లటి చారలు కదులుతున్నా, వెలుగు దడదడలాడుతున్నా ఆ దీపంలో సరైన డ్రైవర్ లేదన్నమాట. డ్రైవర్ అంటే ఇంటి ఏసీ కరెంటును ఎల్ఈడీకి కావలసిన నిలకడైన డీసీగా మార్చే సర్క్యూటు. ఖర్చు తగ్గించుకోవడానికి దాన్ని కుదించి చేసిన బల్బులు చేతికి తేలికగా తగులుతాయి, మన సరఫరాలో సెకనుకు వందసార్లు మినుకుతాయి. ఆ మినుకు కంటికి నేరుగా కనిపించకపోయినా, దాని కింద గంటలకొద్దీ చదివేవారికి కళ్ళు అలసిపోవడం, తలనొప్పి రావడం వంటివి ఉండవచ్చు.

రంగు, గది

ఎల్ఈడీలో తెల్లని వెలుగు నేరుగా పుట్టదు. నీలి వెలుగునిచ్చే ఎల్ఈడీ మీద పసుపు ఫాస్ఫర్ పూత పూస్తే ఆ రెండూ కలిసి కంటికి తెలుపుగా కనిపిస్తాయి. ఆ నీలి ఎల్ఈడీని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో భౌతికశాస్త్రపు నోబెల్ వచ్చింది. ఇంట్లో దీపం ఎంచుకునేవారికి దీనితో రెండు పనులున్నాయి: పూత పలుచగా ఉంటే వెలుగులో నీలం పాలు ఎక్కువై చల్లని తెలుపు వస్తుంది; పూత నాసిరకమైతే వెలుగులో ఎరుపు లోపిస్తుంది.

మొదటిదాన్ని కెల్విన్లలో కొలుస్తారు. పెట్టె మీద 2700 లేదా 3000 అని ఉంటే పాత బల్బులాంటి పసుపు ఛాయ, 4000 అంటే పసుపూ నీలమూ కాని నడిమి తెలుపు, 6500 అంటే మన కొట్లలో కూల్ డే లైట్ పేరుతో అమ్మే నీలి ఛాయ తెలుపు. తెల్లగా ఉంటేనే వెలుగు బాగా ఉన్నట్టు అన్న భావన ట్యూబ్‌లైట్ల కాలం నుంచి మన ఇళ్ళలో పాతుకుపోయింది కాబట్టి అడక్కపోతే కొట్టువాడు చేతికిచ్చేది 6500దే. చదువుకునే బల్ల దగ్గర, బట్టలు ఉతికే చోట అది బాగానే ఉంటుంది. పడకగదిలో మాత్రం వద్దు. నీలం ఎక్కువగా ఉన్న వెలుగు రాత్రిపూట నిద్రకు తోడ్పడే మెలటోనిన్ స్రావాన్ని తగ్గిస్తుంది. పడుకునే ముందు ఒకటి రెండు గంటలు 3000 కెల్విన్ల దీపం కింద గడపడం మేలు. పూజగదికి 2700 బాగా నప్పుతుంది. దీపారాధన వెలుగు పక్కన నీలి తెలుపు పాలిపోయినట్టుగా ఉంటుంది. హాలుకు 4000 నా లెక్కలో అన్నిటికంటే మంచిది గాని, కొట్లలో అది తేలికగా దొరకదు, అడిగి తెప్పించుకోవాలి.

రెండోదాన్ని సీఆర్ఐ అంటారు. సూర్యకాంతిలో వస్తువుల రంగులు ఎలా కనిపిస్తాయో, ఈ దీపం కింద అంత సహజంగా కనిపిస్తాయా అన్నదానికి వందకు వేసే మార్కు అది. 80కి తగ్గినది కొనకండి; వంటగదికి, అద్దం ముందుకు 90 దొరికితే కొంచెం ఎక్కువైనా పెట్టండి. ఎందుకంటే వంటలో సగం నిర్ణయాలు రంగు చూసి తీసుకునేవే. పోపులో మినప్పప్పు దోరగా ఎర్రబడిందా, మాడుతోందా అన్నది రెండు మూడు సెకన్ల తేడా. ఉల్లిపాయ ముక్కలు బంగారు రంగుకు వచ్చాయా అన్నదీ అంతే. ఎరుపు లోపించిన వెలుగులో ఈ రెండు దశలూ ఒకే గోధుమ రంగుగా కనిపించి, వాసన వచ్చేదాకా మాడిన సంగతి తెలియదు.

వంటగదిలో రంగు కంటే పెద్ద ఇబ్బంది నీడ. చాలా ఇళ్ళలో దీపం గది మధ్యలోనో వెనుక గోడకో ఉంటుంది, స్టవ్వు గట్టు ఎదురుగోడకు ఉంటుంది. గట్టు ముందు నిలబడ్డ మనిషి నీడ సరిగ్గా కత్తిపీట మీదే పడుతుంది. సీలింగు దీపాన్ని 20 వాట్ల నుంచి 40కి పెంచినా ఆ నీడ తొలగదు. గట్టు పైన ఉన్న అరల అడుగున, ముందు అంచుకు దగ్గరగా, రెండడుగుల 5 లేదా 10 వాట్ల సన్నపట్టీ ఒకటి బిగిస్తే వెలుగు కూర ముక్కల మీదా మూకుడులోకీ నేరుగా పడుతుంది. స్టవ్వుకు సరిగ్గా పైన మాత్రం వద్దు, ఆవిరికీ నూనెజిడ్డుకూ పట్టీ త్వరగా పాడవుతుంది; పక్కకు జరిపి పెట్టండి.

పిల్లలు చదువుకునే చోట కూడా ఇదే సూత్రం. పది అడుగులకు పన్నెండు అడుగుల గదిలో 2000 ల్యూమెన్ల పట్టీ పెడితే, అందులో సగం పుస్తకం ఎత్తుకు చేరిందనుకున్నా వచ్చేది సుమారు 90 లక్సు (అంటే ఒక చదరపు మీటరు మీద పడే ల్యూమెన్లు). గదిలో మసలుకోవడానికి అది చాలును గాని చదవడానికి 300 దాకా కావాలి. గదిలో పట్టీల సంఖ్య పెంచే బదులు బల్ల మీద 5 వాట్ల దీపం ఒకటి పెడితే పుస్తకం మీద అంతకు మించిన వెలుగు పడుతుంది. కుడిచేత్తో రాసే పిల్లకు దీపం ఎడమ వైపున, ఎడమచేత్తో రాసేవారికి కుడివైపున ఉండాలి.

ఇక ఫాల్స్ సీలింగు. 12 వాట్ల ప్యానెళ్ళు పన్నెండు అంటే 144 వాట్లు, అంటే దాదాపు మూడు పాత ట్యూబ్‌లైట్లు. తప్పనిసరిగా పెట్టుకోదలిస్తే వాటిని రెండు మూడు స్విచ్చులకు విడదీయించండి, అన్నీ ఒకే స్విచ్చు మీద ఉంటే పేపరు చదవడానికి కూడా అన్నీ వేయక తప్పదు. గోడల రంగు సంగతి కూడా మరచిపోవద్దు. పైకప్పుకు తెల్లసున్నం, గోడలకు లేతరంగు ఉన్న గదిలో తక్కువ దీపాలతో సరిపోతుంది.

వరండా దీపానికి వార్మ్ వైట్, అంటే 2700, 3000 కెల్విన్ల పసుపు ఛాయ, ఎంచుకోవడానికి ఒక కారణం పురుగులు. ఎల్ఈడీ వెలుగులో అతినీలలోహిత కిరణాలు దాదాపు ఉండవు, వాటికీ నీలి వెలుగుకూ ఆకర్షితమయ్యే పురుగులు పసుపు ఛాయ దీపం దగ్గరకు తక్కువగా వస్తాయి. తొలకరి పడ్డ సాయంత్రం ఉసిళ్ళు లేచినప్పుడు ఏ దీపమూ ఆర్పకుండా నెట్టుకురావడం కష్టమే, మిగతా రోజుల్లో మాత్రం తేడా స్పష్టంగా ఉంటుంది.

బిగించేటప్పుడు

మన హోల్డర్లలో ఎక్కువ భాగం పిన్ను రకం, అలంకార దీపాలలో మర రకం. పాత బల్బును తీసుకెళ్ళి చూపిస్తే తప్పు రాదు. మార్చే ముందు స్విచ్చు ఆపడం ఒక్కటే చాలదు. పాత ఇళ్ళలో వైరింగు తలకిందులై స్విచ్చు ఫేజుకు బదులు న్యూట్రల్‌ను తెంపుతూ ఉంటుంది, అప్పుడు స్విచ్చు ఆపినా హోల్డరులో కరెంటు ఉంటుంది. మెయిన్ ఆపి, పొడి చేతులతో, కర్ర బల్ల మీద నిలబడి మార్చండి. ఈ తలకిందుల వైరింగును ఎల్ఈడీయే బయటపెడుతుంది: ఆర్పిన తరువాత కూడా బల్బు మిణుగురులా మసగ్గా వెలుగుతూ ఉంటే కారణం అదే కావచ్చు, లేదా స్విచ్చులోని ఎర్రటి ఇండికేటర్ గుండా పారే కొద్దిపాటి కరెంటు కావచ్చు. రెండోది ప్రమాదం కాదు. మొదటిదైతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఫేజు స్విచ్చులోంచి వెళ్ళేలా మార్పించుకోవాలి.

పాత ట్యూబ్‌లైటు ఫిట్టింగులోనే ఎల్ఈడీ ట్యూబు పెట్టాలనుకుంటే స్టార్టరు తీసి, చోక్‌ను తప్పించి వైర్లు నేరుగా కలపవలసి వస్తుంది, ఏ చివరకు ఫేజు ఇవ్వాలన్నది కంపెనీని బట్టి మారుతుంది. ఇంత తంటా పడే బదులు ఫిట్టింగు మొత్తం విప్పేసి పూర్తి పట్టీ బిగించడమే నేను చెప్పే సలహా. చోక్ ఉండిపోతే అది కరెంటు తింటూనే ఉంటుంది. వెలుగు తగ్గించే రెగ్యులేటరు ఉన్న చోట పెట్టె మీద డిమ్మబుల్ అని ఉన్న దీపాన్నే పెట్టాలి.

ఎల్ఈడీ చల్లగా ఉంటుందన్నది సగం నిజమే. వెలుగుతో పాటు వేడి రాదు గాని, బల్బు మెడ దగ్గర డ్రైవరూ చిప్పులూ వేడెక్కుతాయి. గాలి ఆడని మూసిన గాజు గోళంలో 12 వాట్ల బల్బు పెడితే ఆ వేడికి డ్రైవరులోని కెపాసిటర్ ఎండిపోయి, పెట్టె మీద రాసిన 25,000 గంటల్లో నాలుగో వంతు కూడా రాకుండా పోవచ్చు. ఆ 25,000 గంటలన్నది వెలుగు మొదటి రోజుతో పోలిస్తే 70 శాతానికి పడిపోయే దాకా పట్టే కాలం, నిజంగా ముందు పోయేది ఎల్ఈడీ కాదు, డ్రైవరే.

ఓల్టేజి హెచ్చుతగ్గులున్న పల్లెల్లో పెట్టె మీద పని చేసే ఓల్టేజి పరిధి చూడండి. 100 నుంచి 300 ఓల్టుల దాకా అని ఉన్న దీపం, సాయంత్రం లో ఓల్టేజిలో పాత ట్యూబు కొట్టుకుంటూ వెలగక మొరాయించే సమయంలో కూడా ఒకే తీరుగా వెలుగుతుంది. పట్నాలలో ఉండేవారికి ఈ లాభం విలువ అంతగా తెలియదు. ఉరుములు, మెరుపులు ఎక్కువగా ఉండే చోట 4 కిలోఓల్టుల సర్జ్ (ఒక్కసారిగా ఎగసిపడే ఓల్టేజి) రక్షణ ఉన్నది తీసుకోవడం మంచిది. ఇన్వర్టరు ఉన్న ఇళ్ళలో మూడు ట్యూబులూ రెండు మామూలు ఫ్యాన్లూ కలిసి 300 వాట్లు లాగుతుంటే, ట్యూబులు పట్టీలుగా మారాక 210కి దిగుతుంది, అదే బ్యాటరీ ఆ మేరకు ఎక్కువసేపు వస్తుంది. ఇన్వర్టరు లేనివారికి లోపలే బ్యాటరీ ఉన్న ఎమర్జెన్సీ బల్బు ఒకటి వంటగదిలో ఉంటే చాలు. కరెంటు పోయినప్పుడు దాని స్విచ్చు వేసే ఉండాలన్నది ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

తీసేసిన పాత సీఎఫ్ఎల్‌లను, ట్యూబులను చెత్తబుట్టలో పగలగొట్టి వేయకూడదు, వాటిలో పాదరసం ఉంటుంది. చేతిలోంచి జారి పగిలితే కిటికీలు తెరిచి, ఫ్యాను ఆపి, చీపురుతో ఊడ్వకుండా గట్టి అట్టముక్కతో ఎత్తి, తడిగుడ్డతో తుడిచి, అన్నిటినీ ఒక మూత డబ్బాలో వేసి ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. ఎల్ఈడీలో పాదరసం లేదు గాని అది కూడా ఈ-వ్యర్థమే. కొత్త బల్బు బిగించేటప్పుడు తారీఖును దాని తెల్లటి మెడ మీద మార్కరుతో రాసి, బిల్లును ఫోటో తీసి ఉంచుకోండి. ఏడాదో రెండేళ్ళో వారంటీ ఉన్నా, ఎప్పుడు కొన్నామో చెప్పలేకనే చాలా ఇళ్ళలో ఆరు నెలలకే పోయిన బల్బు కొట్టుకు తిరిగి వెళ్ళదు.